చీపురుపల్లిలో బండెక్కితే... అటూ ఇటూ పుస్తకాలే!

సెలవు రోజు రాగానే విశాఖ బీచో, కొత్త సినిమానో గుర్తొస్తుంది. ఈసారి ఇంటిల్లిపాదీ కలిసి పాత పుస్తకాల వేటకు బయల్దేరండి. దారిలో ఇత్తడి కొట్లు, చేప పళ్ళతో పత్తి దువ్వే ఊరు, కథల కోసమే కట్టిన ఇల్లు కూడా చూడొచ్చు. ఒక్కో ఆదివారం పొద్దున బయల్దేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరే ఉత్తరాంధ్ర ప్రయాణాలు ఇవి.

గురజాడ అప్పారావు పేరు చెప్పగానే అందరికీ విజయనగరమే తలపుకొస్తుంది. ఆయన చిన్నప్పటి చదువు మాత్రం చీపురుపల్లిలో సాగింది. తండ్రి వెంకట రామదాసు అప్పట్లో ఇక్కడ ఉద్యోగం చేసేవారు. తండ్రి పోయాక ఆ పిల్లవాడు విజయనగరం చేరాడు. మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ సి.చంద్రశేఖర శాస్త్రి అతన్ని తన దగ్గర ఉంచుకుని, తిండీ నీడా ఇచ్చి చదివించారు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలం ఎక్కింది. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని పెంచి, దాదాపు తిరగరాసి, రెండోసారి అచ్చు వేయించారు.

గురజాడ విజయనగరం వెళ్ళిన రోజుల్లో ఈ దారిన రైలు లేదు. 1890ల్లో వచ్చింది. ఇప్పుడు హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో చీపురుపల్లి ఒక స్టేషను. పడమటికి 30 కిలోమీటర్ల దూరంలో విజయనగరం. తూర్పుకు వెళ్తే పొందూరు, ఆపైన శ్రీకాకుళం రోడ్డు. ఈ ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళో, పెరిగినవాళ్ళో రాసిన పుస్తకాలను పక్కన పెడితే ఆధునిక తెలుగు సాహిత్యంలో సగం అర ఖాళీ అవుతుంది. గురజాడ, గిడుగు రామమూర్తి, చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు, భరాగో, పతంజలి... అందరూ ఈ నేలవాళ్ళే. మరి వాళ్ళ పుస్తకాల పాత ముద్రణలు, వాళ్ళ కథలు తొలిసారి అచ్చయిన పత్రికలు ఈ నేలమీద ఎక్కడున్నాయి? ఇంటిల్లిపాదీ కలిసి వెతకదగిన ప్రశ్న ఇది.

మొదటి మజిలీ: పాత పేపర్ల కొట్టు

హైదరాబాదులో ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల నిండా పుస్తకాలు పరుస్తారు. విజయవాడలో లెనిన్ సెంటరుకు వెళ్తే పాత పుస్తకాల షాపులు వరసగా ఉంటాయి. చీపురుపల్లి లాంటి ఊళ్ళలో అలాంటి బోర్డు కోసం వెతికితే కనపడదు. ఇక్కడ పాత పుస్తకం దొరికేది పాత పేపర్లు, ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ కొనే కొట్టులో. నూనె డబ్బాల పక్కన, విరిగిన కుర్చీల కింద, గోనెసంచుల్లో కట్టి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసినప్పుడూ, పెద్దవాళ్ళు పోయినప్పుడూ, దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపినప్పుడూ పుస్తకాలు అక్కడికి చేరతాయి. కొన్ని రోజులు ఆగి, లోడు నిండాక, గుజ్జు కావడానికి కాగితం మిల్లుకు వెళ్తాయి. కొన్ని అంత దూరం పోకుండానే వేరుశనక్కాయల పొట్లాలవుతాయి.

అలాంటి ఒక కొట్టుకు ఓ ఆదివారం ఉదయం మేం ఇంటిల్లిపాదీ వెళ్ళాం. మా అమ్మకు కూర్చోవడానికి స్టూలు వేసి, యజమాని పిల్లల్ని పలకరించాడు.

“ఏటి బాబూ, ఏటెతుకుతున్నారు?”

“పాత కథల పుస్తకాలు తాతా” అంది మా అమ్మాయి.

“అద్గో, ఆ మూల బస్తాలున్నాయి. సూసుకోండి. మొన్ననే ఓ మాస్టారింటికాడ నుంచొచ్చాయి. పిల్లలు ఇదేశాల్లో ఉన్నారట, ఇల్లమ్మేసినారు. నాకేటి తెలుస్తాది బావూ, ఏది మంచిదో ఏది కాదో! నాకన్నీ కేజీ లెక్కే.”

ఆ బస్తాలో పదో తరగతి గైడ్లున్నాయి, పంచాంగాలున్నాయి, ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల పుస్తకాలున్నాయి. అట్టడుగున దారంతో కుట్టి బైండు చేయించిన లావుపాటి సంపుటి ఒకటి ఉంది. ఏదో వారపత్రికలో వారం వారం వచ్చిన సీరియల్ పుటలన్నీ కత్తిరించి, వరసగా పేర్చి, మొదటి పేజీలో నల్ల సిరాతో విషయసూచిక రాసుకున్నారెవరో. మా అమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుని రెండు పేజీలు చదివింది. “ఇది మా అక్కా నేనూ పోటీపడి చదివిందే. శుక్రవారం పేపరబ్బాయి కోసం గుమ్మంలో నిలబడేవాళ్ళం” అంది. పిల్లలిద్దరూ బస్తా వదిలేసి ఆమె దగ్గరికి చేరారు. ఒక కథ కోసం ఏడాదిపాటు వారం వారం ఎదురుచూశారంటే వాళ్ళకు నమ్మశక్యం కాలేదు. అప్పటి ఇళ్ళు ఎలా ఉండేవో, పత్రిక ముందు ఎవరి చేతికి వెళ్ళాలనే తగాదా ఎలా తీరేదో ఆ స్టూలు మీద కూర్చునే ఆమె చెప్పుకొచ్చింది.

ఇలాంటి ఇంటి బైండింగులు ఒకప్పుడు తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో సర్వసాధారణం. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వారపత్రికల సీరియళ్ళను అలాగే దాచుకునేవారు. పత్రికల్లో వచ్చిన సీరియళ్ళన్నీ పుస్తకాలు కాలేదు. పుస్తకాలు కానివాటికి మిగిలిన ప్రతులు ఈ ఇంటి కుట్ల సంపుటాలే. ఒక్క సంపుటి కాటా ఎక్కితే ఒక నవలే లేకుండా పోవచ్చు. అందుకే మన ప్రయాణంలో మొదటి మజిలీ పాత పేపర్ల కొట్టు కావాలి.

పడమటి బండి: విజయనగరం

చీపురుపల్లిలో ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. మొదట గరివిడి వస్తుంది. ఈ చుట్టుపక్కల నేలలో మాంగనీసు ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకాలు మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే, 1890ల తొలినాళ్ళలో. గరివిడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఆ ఖనిజం చలవే. తర్వాత వచ్చే నెల్లిమర్ల జూట్ మిల్లుకు పేరుపడ్డ ఊరు. రామతీర్థం కొండలు దానికి దగ్గరే. బడిలో చదివిన సాంఘికశాస్త్రం రైలు కిటికీలోంచి కనిపిస్తే పిల్లలు మరిచిపోరు.

విజయనగరంలో దిగాక కోట వైపు నడవండి. 1713లో పునాది పడిన కోట అది. 1879లో కళాశాల అయిన మహారాజా వారి విద్యాసంస్థ ఈ ఊరికి చదువుల పేరు తెచ్చింది. ఈ ఊరినేలిన పూసపాటి రాజులకు పుస్తకాల మీదున్న మక్కువకు రెండు ఉదాహరణలు చాలు. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో వెలువరించిన ఋగ్వేదం రెండో ముద్రణ 1890–92 మధ్య వచ్చింది. దానికి సొమ్ము సమకూర్చింది విజయనగరం మహారాజా. అదే కాలంలో కాశీలో ‘విజయనగరం సంస్కృత గ్రంథమాల’ పేరుతో ప్రాచీన శాస్త్రగ్రంథాలు అచ్చయ్యాయి. ఆ సంపుటాలు ఇవాళ ప్రపంచంలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఎక్కడైనా పాత కొట్టులో దేవనాగరి అక్షరాల పుస్తకం మీద విజయనగరం పేరు కనిపిస్తే వదలకండి.

కోట నుంచి గంటస్తంభం దగ్గరికి వస్తే అసలు వేట మొదలవుతుంది. ఇక్కడ మూడు రకాల చోట్లు చూడాలి. మొదటిది పుస్తకాలు, స్టేషనరీ అమ్మే పాత షాపులు. వాటి లోపలి అరల్లో అమ్ముడుపోకుండా ఏళ్ళ తరబడి మిగిలిన స్టాకు ఉంటుంది. అడిగితే తీసి చూపిస్తారు. అట్ట మీద అచ్చయిన పాత ధరకే ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండోది పాఠ్యపుస్తకాలు చేతులు మారే చోటు. జూన్ నెలలో ఇంటర్, డిగ్రీ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు సగం ధరకు దొరుకుతాయి. మూడోది పాత పేపర్ల కొట్టు, ఇందాక చెప్పుకున్నదే.

పాఠ్యపుస్తకాల గురించి చెప్పేటప్పుడు చాసోను తలచుకోకుండా ఉండలేం. చాగంటి సోమయాజులు 1915లో శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో స్థిరపడ్డారు. ఆయన రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథలో డబ్బుల్లేక చదువు ఆగిపోయిన ఒక కుర్రాడు బడి కోసం తల్లడిల్లుతాడు. పిల్లలకు ఆ కథ ముందు చదివి వినిపించి, తర్వాత సగం ధర పుస్తకాల వరసకు తీసుకెళ్ళండి. అక్కడ నిలబడి పేజీలు తిరగేస్తూ, జేబులో డబ్బులు లెక్కపెట్టుకుంటున్న కుర్రాళ్ళ కష్టం వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. ఒకరు చదివిన పుస్తకం మరొకరికి అందితే ఎంత మేలో వేరే పాఠం చెప్పక్కర్లేదు.

పుస్తకాల మధ్యలో విరామం కావాలంటే గంటస్తంభం చుట్టూ బజారు ఉంది. ఇత్తడి, కంచు సామాన్ల కొట్లలోకి వెళ్ళండి. పాత గిన్నెలు, గుండిగలు, మరచెంబులు, దీపపు కుందులు తూకానికి వచ్చి మళ్ళీ తూకానికే వెళ్ళే చోటు అది. మెడ దగ్గర చెక్కిన పేర్లను పిల్లల చేత చదివించండి. పెళ్ళికి ఎవరు పెట్టారో, ఏ సంవత్సరమో అందులో ఉంటుంది. పుస్తకం మొదటి పేజీలో రాసుకున్న పేరుకూ, గిన్నె అంచున చెక్కించుకున్న పేరుకూ మూలం ఒకటే: ఇది మా ఇంటిది అని చెప్పుకోవాలన్న మమకారం.

మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారిని దర్శించుకుని, గురజాడ ఇంటికి వెళ్ళండి. ఆయన నివసించిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. ఊళ్ళోనే 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే పాట నేర్చారు. పాత పుస్తకాల్లో సినిమా పాటల పుస్తకాలు దొరికితే, ఘంటసాల పాడిన పాట ఒకటి వెతికి పట్టి పిల్లల చేత పాడించండి.

బస్తాలో ఏం వెతకాలి?

మొదటిసారి వెళ్ళినవాళ్ళకు కుప్ప చూడగానే కంగారు పుడుతుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగిస్తే వేట సులువవుతుంది.

పిల్లలకు చందమామలు అప్పగించండి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికను కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాల పాటు తీర్చిదిద్దారు. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ లాంటి సీరియళ్ళు అందులోనే వచ్చాయి. చిత్రా, శంకర్ బొమ్మలు వేశారు. ముఖచిత్రం మూల ‘వపా’ అన్న సంతకం ఉందేమో చూడమనండి. ఆయన వడ్డాది పాపయ్య, 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనవాడు. చందమామ, యువ ముఖచిత్రాలుగా ఆయన వేసిన బొమ్మల కోసమే పాత సంచికలు వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సంతకం గుర్తుపట్టడం పిల్లలకు ఆటలా ఉంటుంది. ఆ ఆటలోనే ఒక పెద్ద చిత్రకారుడు పరిచయమవుతాడు.

పెద్దవాళ్ళకు మాసపత్రికలు అప్పగించండి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన ‘భారతి’ సంచిక ఒక్కటి దొరికినా ఆ ప్రయాణం సార్థకమే. యువ, జ్యోతి దీపావళి సంచికల్లో మంచి కథలుండేవి. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు చిన్నగా, సంచిలో ఇమిడేలా ఉంటాయి. ఇంటింటా గ్రంథాలయం ఉండాలన్న పథకంతో అవి మారుమూల పల్లెలకూ చేరాయి. యద్దనపూడి, యండమూరి, మల్లాది నవలల మీద అద్దె పుస్తకాల షాపు ముద్ర, వరస నంబరు కనిపిస్తాయి. రోజుకింతని అద్దెకిచ్చే ఆ షాపులు ఒకప్పుడు ప్రతి చిన్న పట్నంలోనూ ఉండేవి. టీవీ వచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు వాటి గుర్తు ఈ ముద్రలే.

గట్టి అట్ట, నిగనిగలాడే బొమ్మలు ఉన్న పిల్లల పుస్తకం కనిపిస్తే ప్రచురణకర్త పేరు చూడండి. ప్రగతి, రాదుగ అని ఉంటే అది మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం. విశాలాంధ్ర వాళ్ళు ఊరూరా తిప్పిన వ్యానుల్లో అవి చౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ ముద్రణ ఆగిపోయింది. ఆ పుస్తకాలను తెనిగించినవారిలో ఒకరు ఉప్పల లక్ష్మణరావు. మాస్కోలో ఏళ్ళ తరబడి అనువాదకుడిగా పనిచేసిన ఆయనది ఇదే రైలు దారిలో తూర్పున ఉన్న బరంపురం. ‘అతడు–ఆమె’ నవల ఆయనదే.

ఇంకో మాట. పుస్తకం మీద గ్రంథాలయం ముద్ర ఉండి, కొట్టివేసిన గుర్తు లేకపోతే, అది ఏ గ్రంథాలయానిదో చూసి అక్కడికి చేర్చండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. ఆ పుస్తకం మనందరి సొమ్ము.

తూర్పు బండి: పొందూరు, కథానిలయం

మరో ఆదివారం తూర్పు వైపు బండెక్కండి. బాతువా, సిగడాం దాటితే పొందూరు. ఇక్కడ చూడాల్సింది ఖాదీ. పొందూరు నూలుకు గాంధీజీ మెప్పు దక్కింది. కొండపత్తి, పునాస పత్తి దీనికి ముడిసరుకు. గింజ తీయకముందు ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. సన్నని పళ్ళు వరసగా ఉన్న ఆ ఎముక దువ్వెనలా పనిచేస్తుంది. చెత్తంతా ఊడి, పోగులు నిటారుగా నిలుస్తాయి. తర్వాత ఆడవాళ్ళు ఒంటి కదురు రాట్నం మీద వంద నంబరు దాకా సన్నని నూలు వడుకుతారు. ఇంత పనీ చేతులతోనే సాగుతుంది. ఖాదీ సంఘం విక్రయశాలలో ధోవతి అంచు చేత్తో తడిమి చూడండి. చేప దవడ చూస్తే పిల్లల ప్రశ్నలకు అంతుండదు. ఏ మాల్‌లోనూ ఇలాంటి వింత సరుకు కనపడదు.

అక్కడి నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగండి. అది ఆమదాలవలసలో ఉంది. పట్నానికి ఆటోలు, బస్సులు దొరుకుతాయి. మన గమ్యం కథానిలయం.

కాళీపట్నం రామారావును ఉత్తరాంధ్ర అంతా ‘కారా మాస్టారు’ అని పిలుచుకుంది. 1924లో మురపాకలో పుట్టి, విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ పాఠశాలలో పంతులుగా పనిచేశారు. ‘యజ్ఞం’ కథతో తెలుగు కథకు కొత్త లోతు తెచ్చారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ అవార్డు సొమ్మును ఆయన తన కోసం ఉంచుకోలేదు. తెలుగు కథ అంటూ అచ్చయిన ప్రతిదీ ఒక్కచోట దొరకాలన్న పట్టుదలతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని తెరిచారు. 2021 జూన్‌లో కన్నుమూసేదాకా ఆయనకు అదే ధ్యాస.

ఎందుకంత పట్టుదల? తెలుగు కథ ముందు పుట్టేది పత్రికలో. పత్రికకు ఆయుష్షు ఒక వారం, మహా అయితే ఒక నెల. ఆ తర్వాత అది పాత పేపరు. సంపుటిగా రాని కథ పత్రికతో పాటే తూకానికి పోతుంది. ఎందరో రచయితలకు తాము రాసిన కథల ప్రతులే మిగల్లేదు. కారా మాస్టారు పాఠకుల ఇళ్ళకూ రచయితల ఇళ్ళకూ ఉత్తరాలు రాసి, మనుషుల్ని కలిసి, పాత పత్రికలు పోగుచేశారు. అటకల మీది కట్టలు, ఎవరింట్లోనో బైండు చేసి దాచిన సంచికలు, అక్కర్లేదనుకుని ఇచ్చేసిన పెట్టెలు అక్కడ చేరి ఒక జాతి జ్ఞాపకమయ్యాయి. ఇవాళ తెలుగు కథ మీద పరిశోధన చేసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా కథానిలయం తలుపు తట్టాల్సిందే. కథల జాబితాలు, స్కాన్ చేసిన పుటలు దాని వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి.

పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఒక చిన్న పని చేయించండి. ఇంట్లో తాతయ్యకో, నాయనమ్మకో గుర్తున్న ఒక కథ పేరు రాసుకుని, అది ఏ పత్రికలో, ఏ సంవత్సరం వచ్చిందో వెతకమనండి. ఆ పుట దొరికినప్పుడు పెద్దవాళ్ళ ముఖంలో వచ్చే వెలుగు వాళ్ళు చూడాలి. వెళ్ళేముందు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కుని వెళ్ళడం మంచిది. అక్కడ పుస్తకాలు అమ్మరు. చదువుకోవచ్చు. మీ దగ్గరున్న పాత పత్రికల గురించి వాళ్ళకు చెప్పొచ్చు కూడా.

సొంత బండి ఉన్నవాళ్ళు రాజాం మీదుగా బొబ్బిలి వెళ్ళి, పక్కనే ఉన్న గొల్లపల్లిలో వీణల తయారీ చూడొచ్చు. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత. సర్వసిద్ధి వంశస్తులు తరతరాలుగా ఆ పని చేస్తున్నారు. పెద్ద వీణ కొనలేకపోయినా, బహుమతుల కోసం చేసే చిట్టి వీణలు దొరుకుతాయి.

వెళ్ళేముందు, వచ్చాక

నూలు సంచులు రెండు, మంచినీళ్ళు, పొడి గుడ్డ, చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు పట్టుకెళ్ళండి. దుమ్ము పడనివాళ్ళకు మాస్కు తప్పనిసరి. పులిహోర, పెరుగన్నం కట్టుకుంటే పిల్లలు అలసిపోరు. ప్యాసింజర్ల వేళలు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి.

ఒక్కో పిల్లకూ పిల్లాడికీ చిన్న మొత్తం చేతికిచ్చి, నచ్చింది కొనుక్కోమనండి. ఏం కొన్నా వద్దనకండి. మనకు పనికిరాదనిపించిన పుస్తకమే వాళ్ళకు మొదటి ఇష్టమైన పుస్తకం కావచ్చు. పాత పేపర్ల కొట్టులో మరీ గీచి బేరం చేయకండి. ఎండలో వీధి వీధీ తిరిగి ఆ కట్టలు మోసుకొచ్చినవాళ్ళ కష్టం అందులో ఉంది. కేజీ ధర మీద నాలుగు రూపాయలు ఎక్కువే ఇచ్చి, “ఈసారి కథల పుస్తకాలొస్తే పక్కన పెట్టు మావా, మేమొచ్చి తీసుకుంటాం” అని ఫోన్ నంబరు ఇచ్చి రండి. ఆ ఒక్క మాటతో ఎన్నో పుస్తకాలు లోడెక్కకుండా ఆగుతాయి.

ఇంటికి తెచ్చాక వెంటనే మంచి పుస్తకాల మధ్య పెట్టకండి. నీడలో గాలి తగిలేచోట రెండు మూడు రోజులు విప్పి ఉంచి, పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. చిరిగిన పేజీకి ప్లాస్టర్ టేపు అంటించొద్దు. కొన్నేళ్ళకు దాని జిగురే కాగితాన్ని తినేస్తుంది. పల్చని కాగితం, మైదా జిగురు చాలు, ఆ జిగురులో కాస్త మైలుతుత్తం కలపడం బైండింగు వాళ్ళకు తెలిసిన పద్ధతి. అది విషం కాబట్టి ఆ పని వాళ్ళకే వదలండి. న్యూస్‌ప్రింటు మీద అచ్చయిన పాత పత్రికలు ఎండకు త్వరగా పసుపెక్కి పెళుసవుతాయి. వాటిని చీకటిగా, పొడిగా ఉన్న అరలో పెట్టండి. ఎండిన వేపాకు మన పెద్దలు వాడిందే. తేమ చేరకుండా చూసుకుంటే చెద భయం తగ్గుతుంది.

చిన్న ఊరే పుస్తకాల ఊరు

పాత పుస్తకాల బజారుకు మహానగరమే కావాలా? అక్కర్లేదని ప్రపంచం చూపించింది. వేల్స్‌లోని హే–ఆన్–వై ఒక చిన్న ఊరు. 1960ల్లో రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల షాపు తెరిచారు. ఆయన దారిలో మరికొందరు నడిచారు. ఇప్పుడు ఆ ఊరికి బతుకుతెరువే పుస్తకం. మహారాష్ట్రలో పంచగని దగ్గరున్న భిలార్ స్ట్రాబెర్రీ పండించే పల్లె. 2017 మే నెలలో అది మన దేశపు తొలి పుస్తకాల గ్రామమైంది. ఇళ్ళలో, బడిలో, గుళ్ళో అరలు పెట్టి వేల మరాఠీ పుస్తకాలు ఉంచారు. వచ్చినవాళ్ళు ఏ ఇంట్లోనైనా కూర్చుని చదువుకోవచ్చు. మరోవైపు మద్రాసు మూర్ మార్కెట్ కథ ఉంది. తెలుగు రచయితలు, సినిమావాళ్ళు పాత పుస్తకాల కోసం తిరిగిన ఆ బజారు 1985లో కాలిపోయింది. ఒక్కచోటే కూడబెట్టినవి ఒక్క రోజులో పోయాయి. పుస్తకాలు ఎన్ని ఇళ్ళలో ఉంటే అంత భద్రం.

1886లోనే విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి ‘సరస్వతీ నిలయం’ పేరిట గ్రంథాలయం పెట్టారు. పుస్తకాన్ని పదిమందికీ అందించే సంప్రదాయం ఉత్తరాంధ్రకు కొత్తది కాదు. గురజాడ బాల్యం గడిపిన చీపురుపల్లికి ఆ సంప్రదాయాన్ని కొనసాగించే హక్కు అందరికన్నా ఎక్కువుంది. పెద్ద ఖర్చేమీ లేదు. నెలకో ఆదివారం బడి ఆవరణలోనో, శాఖా గ్రంథాలయం ముందో నాలుగు బల్లలు వేస్తే చాలు. ఇంట్లో చదివేసిన పుస్తకాలు తెచ్చి పెట్టడం, కావలసినవి పట్టుకెళ్ళడం. జూన్‌లో పాఠ్యపుస్తకాలు, దసరాకు కథలు, నవలలు. పాత పేపర్ల కొట్టువాళ్ళనూ పిలిచి వాళ్ళకో బల్ల ఇస్తే, కేజీ లెక్కన పోయేది పుస్తకం లెక్కన అమ్ముడవుతుంది. వాళ్ళకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. చీపురుపల్లి కనక మహాలక్ష్మి అమ్మవారి జాతరకు ఊరంతా కదులుతుంది. ఆ ఉత్సాహంలో కొంచెం పుస్తకానికి దక్కితే చాలు.

ఈ ఆదివారమే మీ అటక ఎక్కండి. అక్కడున్న కట్టలు దించి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ విప్పి చూడండి. ఉంచుకునేవి ఉంచుకోండి. కథలున్న పాత పత్రికలు ఉంటే కథానిలయానికి కబురు చెప్పండి. మిగిలినవి చదివేవాళ్ళ చేతికి ఇవ్వండి. కాటా మీదకు మాత్రం ఏ పుస్తకాన్నీ చూడకుండా పంపకండి.